గల్ఫ్‌లో చిక్కుకున్న మనిషికి ఊరి నుంచి సాయం: ముందు ఏం చేయాలి?

తమ్ముడూ, మీరు రాసినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. మీ బావ సౌదీకి ఇంటి డ్రైవర్ అని వెళ్లి, ఎడారిలో ఒంటెలు కాస్తున్నాడు. నెలల తరబడి జీతం లేదు, పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గరుంది, నోరెత్తితే పారిపోయాడని హురూబ్ పెడతానని బెదిరిస్తున్నాడు. ఇది ఒకటి. జగిత్యాల దగ్గర మీ ఊళ్లో కుర్రాళ్లంతా కలిసి గల్ఫ్ సహాయ కమిటీ పెడదామనుకుంటున్నారు, ఎలా నడపాలి అన్నది రెండోది. బావ ఏడుస్తూ పంపిన వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టి మంత్రులను ట్యాగ్ చేయాలా, లేక ఎమ్మెల్యేతో ఫోన్ చేయించాలా అని కూడా అడిగారు.

వీడియో పెట్టకండి. ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లండి, కానీ ఉత్త చేతులతో వెళ్లకండి. ముందు ఫైలు తయారు చేయండి. నేను గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాణ్ని. వచ్చాక నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇలాంటి కేసులు ఏళ్లుగా చూస్తున్నాను. పలుకుబడి తలుపు తెరిపిస్తుంది, నిజమే. లోపలికి వెళ్లాక అధికారి అడిగేది మాత్రం కాగితమే.

వీడియో ఎందుకు వద్దంటున్నానంటే, అది మంత్రి కంటే ముందు కఫీల్ ఫోన్‌లోకి చేరుతుంది. అక్కడి మనవాళ్లే ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారు. సౌదీలో 2007 నుంచి సైబర్ నేరాల చట్టం ఉంది. పేరు పెట్టి, మొహం చూపించి తిడితే పరువు తీశాడని యజమాని ఎదురు కేసు వేయొచ్చు. అప్పటిదాకా జీతం అడుగుతున్న మనిషి కాస్తా ముద్దాయి అవుతాడు. వైరల్ అయిన వీడియోతో బయటపడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్ల సంగతే మనకు తెలుస్తుంది. వీడియో బయటికొచ్చాక ఫోన్ లాక్కుంటే మాట కూడా కలవకుండా పోయినవాళ్ల సంగతి వాళ్ల ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ వీడియోను దాచి ఉంచండి, రాయబార కార్యాలయానికి పంపడానికి పనికొస్తుంది.

ఇక ఫైలు. బావతో ఈసారి మాట్లాడినప్పుడు అయ్యో పాపం అనే మాటలు రెండు నిమిషాల్లో ముగించి, ఒక నోట్‌బుక్ ముందు పెట్టుకొని ఇవి అడగండి. అకామా, అంటే సౌదీలో ఉండేందుకు ఇచ్చే నివాస కార్డు, ఉందా? ఉంటే నంబరు ఎంత? అది పది అంకెలుంటుంది, 2తో మొదలవుతుంది. అకామా చేయించకపోతే పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, సౌదీలో దిగిన తేదీ, దిగిన ఎయిర్‌పోర్టు కావాలి. కఫీల్ పూర్తి పేరు, ఫోన్ నంబరు. చివరి జీతం ఎప్పుడిచ్చాడు, చేతికిచ్చాడా, బ్యాంకులో వేశాడా. ఉన్నచోటు తెలియకపోతే వాట్సాప్‌లో లొకేషన్ పంపమనండి. సిగ్నల్ లేని చోట ఉంటే, నీళ్ల ట్యాంకరుతోనో దాణా బండితోనో ఊరి పక్కకు వచ్చినప్పుడు పంపమనండి. దగ్గర్లోని పట్టణం పేరు చాలా ముఖ్యం. జిద్దా, మక్కా, మదీనా, తబూక్, అభా, జీజాన్ వైపు అయితే జిద్దాలోని మన కాన్సులేట్ చూస్తుంది. రియాద్, దమ్మామ్, కసీమ్ వైపు అయితే రియాద్‌లోని ఎంబసీ. తప్పు చోటికి పంపిన ఫిర్యాదు చేతులు మారేసరికే రోజులు గడిచిపోతాయి.

పేరు దగ్గర జాగ్రత్త. ఊళ్లో అందరూ ‘చిన్న గంగారాం’ అంటారు, ఆధార్‌లో ఒకలా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి పోయి మరోలా ఉంటుంది, అరబ్బీలో రాసిన అకామాలో ఇంకోలా పడుతుంది. ఇంట్లో వాళ్లు పిలిచే పేరుతో ఫిర్యాదు రాస్తే అక్కడ ఎంత వెతికినా మనిషి దొరకడు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. బావ పాస్‌పోర్టు జిరాక్సు మీ అక్క దగ్గర లేకపోతే, వీసా స్టాంపింగ్‌కు ఇచ్చిన ఏజెంటు దగ్గరో, టికెట్ తీసిన ట్రావెల్స్ వాట్సాప్‌లోనో తప్పకుండా ఉంటుంది. వెళ్లి తెచ్చుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, పశువుల కాపరులు సౌదీ మామూలు కార్మిక చట్టం కిందకు రారు. 2021 మార్చిలో వచ్చిన మార్పులతో కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లు కొన్ని షరతులతో కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారొచ్చు, తమంతట తామే ఎగ్జిట్‌కు, అంటే దేశం విడిచి వచ్చే అనుమతికి, పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటు మీ బావలాంటి వాళ్లకు ఇవ్వలేదు. వాళ్లకు వేరే నిబంధనలున్నాయి. కాబట్టి ‘కఫాలా (కఫీల్ చేతికింద ఉండాల్సిన పద్ధతి) ఎత్తేశారంట కదా’ అని ఎవరో చెప్పింది విని గేటు దాటి బయటికి రావద్దని చెప్పండి. అయితే మీ బావ విషయంలో ఒక బలమైన పాయింటు ఉంది. వీసా ఇంటి డ్రైవర్‌ది, చేయిస్తున్నది ఒంటెల పని. ఒప్పందానికి విరుద్ధంగా వేరే పని చేయించడం, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం, జీతం ఎగ్గొట్టడం, మూడూ అక్కడి నిబంధనల ప్రకారం కూడా తప్పే. ఫిర్యాదులో ఈ మూడింటినే మూడు వాక్యాల్లో రాయండి. తిండి బాగాలేదు, ఎండ ఎక్కువ, దుర్భాషలాడుతున్నాడు అన్నవి తర్వాత.

హురూబ్ అంటే ‘నా పనివాడు పారిపోయాడు’ అని కఫీల్ ప్రభుత్వానికి చెప్పడం. అది పడ్డాక మనిషి అకామా ఉన్నా లేనట్టే, ఎక్కడ దొరికినా పట్టుకుపోతారు. జీతం ఎగ్గొట్టేవాడికి ఇదే ఆయుధం. మనం ముందే ఫిర్యాదు చేసి ఉంటే, ‘అయ్యా, ఇతను పారిపోలేదు, ఫలానా తేదీనే నీ మీద ఫిర్యాదు నమోదైంది’ అని చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. అందుకే తేదీ ముఖ్యం. బయటికి రావడం ఆ తర్వాత సంగతి. కొడుతున్నాడు, ప్రాణం మీదికొచ్చింది అంటే మాత్రం లెక్కలు చూసుకోనక్కర్లేదు. వెంటనే బయటపడి ఎంబసీకో పోలీసులకో చేరాలి. ఎక్కడో తెలిసినవాళ్ల గదిలో దాక్కోవడం వద్దు. దాక్కున్న ప్రతిరోజూ కఫీల్ మాటకే బలం చేకూరుతుంది.

ఫిర్యాదు మదద్ పోర్టల్‌లో వేయండి. విదేశాంగ శాఖ 2015లో తెచ్చింది. మీ అక్క పేరుతో, ఆమె ఫోన్ నంబరుతో రిజిస్టర్ చేయండి, మీ పేరుతో వద్దు. భార్య రాసిన ఫిర్యాదుకూ మిత్రబృందం రాసినదానికీ తేడా ఉంటుంది. కాగితాలు స్కాన్ చేసి పెట్టండి. వచ్చిన ఫిర్యాదు నంబరును నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి. ఇంటర్నెట్ తంటాలు పడలేనివాళ్లు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఆ తర్వాత అదే నంబరుతో హైదరాబాద్‌లో ప్రజాభవన్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లండి. 2024 సెప్టెంబరు నుంచి అక్కడ గల్ఫ్ బాధితుల కోసం విడిగా కౌంటరు నడుస్తోంది. అప్పుడు ఎమ్మెల్యే లెటర్‌హెడ్ తీసుకోండి. లేఖలో ‘మా నియోజకవర్గ వాసి కష్టాల్లో ఉన్నాడు’ అని కాకుండా ‘మదద్ ఫిర్యాదు నంబరు ఫలానా, ఇన్ని రోజులుగా జవాబు లేదు’ అని ఉండాలి.

నాయకులు పనికిరారని నేను అనను. సిరిసిల్ల ప్రాంతం వాళ్లు ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో దుబాయ్ జైల్లో ఏళ్లతరబడి ఉన్నారు, మీరూ వినే ఉంటారు. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ 2011లో స్వయంగా నేపాల్ వెళ్లి, చనిపోయినాయన కుటుంబానికి 15 లక్షల పరిహారం ఇచ్చి, క్షమాపణ పత్రం మీద సంతకం తెచ్చారు. అంతటి మనిషి పూనుకున్నా, అంత విలువైన కాగితం చేతిలో ఉన్నా, వాళ్లు ఇళ్లకు చేరేసరికి 2024 వచ్చింది. కాబట్టి ఒక్క ఫోన్‌తో రేపే పనైపోతుందని మీ అక్కకు ఎవరైనా చెబితే నమ్మనివ్వకండి. ముఖ్యంగా ‘ఎంబసీలో మనోడున్నాడు, యాభై వేలిస్తే ఔట్‌పాస్ (ఇంటికి రావడానికి ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) చేయిస్తాడు’ అనేవాళ్లను గడప తొక్కనివ్వకండి. నిజంగా గతిలేనివాళ్లకు టికెట్, వసతి, వకీలు ఖర్చుల కోసం మన ఎంబసీల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి 2009 నుంచి ఉంది. దాన్ని పొందడానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు, దరఖాస్తు పెట్టుకోవాలి.

మీ కమిటీ గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని ఉపయోగం మీ బావ ఒక్కడితో ఆగదు.

మొదట కొనాల్సింది ఒక పెద్ద రిజిస్టరు. బ్యానరు, ఫ్లెక్సీ, లోగో ఏవీ వద్దు. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి గల్ఫ్‌లో ఉన్న ప్రతి మనిషి వివరాలు రాయండి: పాస్‌పోర్టు ప్రకారం పేరు, నంబరు, దేశం, ఊరు, కంపెనీ లేదా కఫీల్ పేరు, వీసా రకం, ఏజెంటు ఎవరు, ఎంత కట్టారు, బీమా ఉందా, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి. పాస్‌పోర్టు, వీసా, అకామా ఫోటోలు ఆ ఇంట్లోవాళ్ల ఫోన్‌లోనే ఒక చోట పెట్టించండి. మీరు వాట్సాప్ గ్రూపులో వేసుకోకండి. పాస్‌పోర్టు కాపీలు గ్రూపుల్లో తిరగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా. ఈ పనికి పెళ్లయిన ఆడపిల్లలను, స్వయం సహాయక సంఘం లీడర్లను కలుపుకోండి. ఇంట్లో మగవాళ్లు లేని ఊళ్లు మనవి. అత్త ముందు కోడలు మీతో మాట్లాడదు, సంఘం అక్కతో అయితే అన్నీ చెబుతుంది. వడ్డీకి ఎంత తెచ్చారు, నెలనెలా వచ్చే డబ్బు ఎప్పుడు ఆగిపోయింది అన్న మాట అక్కడే బయటపడుతుంది. డబ్బు రావడం ఆగిందంటే అటువైపు ఏదో జరిగిందని లెక్క. మనిషి మాత్రం ఫోన్‌లో ‘బాగానే ఉన్నా’ అంటూనే ఉంటాడు.

కాగితం విలువ ఎంతో మన పెద్దవాళ్లలో కొందరికి బాగా తెలుసు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి నుంచి లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు. కడప, గోదావరి జిల్లాల వాళ్లు వాళ్లలో చాలామంది. తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ పెట్టినప్పుడు, 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 మధ్య కువైట్, ఇరాక్ విడిచి వచ్చినట్టు రుజువు చూపితే ఒక మనిషికి 2,500 డాలర్ల నుంచి ఇచ్చారు. పాస్‌పోర్టు మీద ఒక స్టాంపు, ప్రయాణానికి సంబంధించిన ఒక చీటీ కూడా విలువైనవే అయ్యాయి. 2020లో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. కరోనాలో మే నెల నుంచి వందే భారత్ విమానాలెక్కి వేలమంది వచ్చేశారు. ప్రాణాలతో వస్తే చాలనుకున్నారు, తప్పులేదు. కానీ చాలామంది రావాల్సిన జీతం, సర్వీసు డబ్బు అక్కడే వదిలేసి, తమ తరఫున అవి వసూలు చేయడానికి ఎవరికీ అధికారపత్రం రాసివ్వకుండా వచ్చారు. సౌదీలో కంపెనీ కార్మికుడికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం చొప్పున, ఆ పైన ఏడాదికి ఒక నెల చొప్పున సర్వీసు డబ్బు వస్తుంది. పని మానేసిన 12 నెలల్లోగా కేసు వేయకపోతే అది కోర్టులో నిలవదు. పదేళ్లు, పదిహేనేళ్లు చేసినవాళ్లకు అదే పెద్ద మొత్తం. మీ ఊళ్లో ఈ మధ్య తిరిగొచ్చినవాళ్లుంటే ఇవాళే అడగండి: లెక్క తేల్చుకొని వచ్చావా, లేదా?

వెళ్లబోయేవాళ్ల దగ్గర ఆపగలిగితే వెళ్లాక పడే తిప్పల్లో సగం ఉండవు. పది పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే విదేశాల్లో పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు వాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే విదేశాంగ శాఖ సైటు ఈ-మైగ్రేట్‌లో ఆ క్లియరెన్సు ఉండాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అదే సైట్‌లో కనిపిస్తుంది. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. మన ఊళ్లలో ఎంత కడుతున్నారో మీకు తెలుసు. రసీదు అడిగితే ‘నమ్మకం లేదా అన్నా’ అంటాడు. ఫోన్‌పేలో వేయండి, చేతికివ్వకండి. ఆ ట్రాన్సాక్షనే రేపు రసీదు. విజిట్ వీసా మీద పంపి, అక్కడికెళ్లాక మారుస్తానంటే వెళ్లొద్దు. ఆడవాళ్లను ఇంటిపనికి ఇలా విజిట్ వీసా మీద దుబాయ్‌కో మస్కట్‌కో దించి, అక్కడి నుంచి ఇంకో దేశానికి చేర్చడం ఎక్కువ. నిబంధన ప్రకారం ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన దగ్గర టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ అందుకే ఉన్నాయి. అక్కడ ఆలస్యమవుతుందని, అడ్డదారి తొందరగా అవుతుందని జనం అటు పోతారు. తిట్టి లాభం లేదు, కనీసం వివరాలు మీ రిజిస్టరులో రాయించి పొమ్మనండి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పక చేయించండి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షలు. ప్రమాదంలో అన్న మాట చూడండి. గల్ఫ్‌లో మనవాళ్లు నిద్రలో గుండెపోటుతో పోవడం ఎంత మామూలైపోయిందో, దానికి ఈ బీమా డబ్బు రాదు.

ఎవరైనా చనిపోయినప్పుడు కమిటీ అవసరం ఎక్కువ, పొరపాట్లు జరిగేదీ అప్పుడే. శవం రావడానికి స్థానిక మరణ ధ్రువపత్రం, పోలీసు రిపోర్టు, ఎంబసీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), రద్దుచేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ (శవం పాడవకుండా మందు ఎక్కించడం) సర్టిఫికెట్ అన్నీ కావాలి. వీటికంటే ముందు ఇంటి నుంచి అంగీకార పత్రం వెళ్లాలి. అది చట్టపరమైన వారసులు, అంటే పెళ్లయినవాడైతే భార్య, రాయాలి. తండ్రి ఒకటి, బావమరిది ఒకటి, సర్పంచ్ ఒకటి పంపితే అక్కడ అధికారికి ఏది నమ్మాలో తెలియక ఫైలు పక్కన పెడతాడు. ఆ ఇంట్లో ఏడుపుల మధ్య కూర్చొని ఒకే కాగితం మీద సంతకం చేయించడం మీ పని. కంపెనీ నుంచి ఒక్కోసారి ఇంకో కాగితం వస్తుంది, ‘మాకు రావాల్సిందేమీ లేదు’ అని రాసి ఉంటుంది. దీని మీద సంతకం పెడితే శవం రేపే పంపుతామంటారు. పెట్టనివ్వకండి. శవం పంపడానికి ఒక పత్రం, బకాయిల కోసం వేరే అధికారపత్రం, రెండూ విడివిడిగా ఉండాలి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం కార్మికుడి శవాన్ని స్వదేశానికి పంపే ఖర్చు యజమానిదే.

శంషాబాద్‌లో శవపేటిక వచ్చేది కార్గో వైపు, ప్రయాణికులు బయటికొచ్చే గేటు దగ్గర కాదు. అక్కడ నిలబడి ఎదురుచూసి చూసి కంగారుపడ్డ కుటుంబాలను చూశాను. కార్గోలో కాగితాలు చూసి, సంతకాలు తీసుకొని, చెక్క పెట్టె మీద ఇంగ్లిషులో రాసిన పేరు చదివి అప్పగిస్తారు. ఆ చదవడం, సంతకాలు పెట్టడం ఆ తల్లికో భార్యకో వదిలేయకుండా కమిటీ నుంచి ఇద్దరు వెళ్లండి. అంబులెన్సు కోసం రాష్ట్ర ఎన్నారై విభాగానికి ముందే రాయండి. ఆంధ్ర వాళ్లకు అక్కడి ప్రభుత్వ ప్రవాసుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ చూస్తుంది. దినాలయ్యాక తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టించండి, అక్కడి బకాయిలకైనా ఇక్కడి సాయానికైనా అదే ఆధారం. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది, కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. ఆలస్యం చేయొద్దు.

ఆ 5 లక్షలు ఊరికే రాలేదు. గల్ఫ్ కార్మికుల సంఘాలు ఏళ్లతరబడి ధర్నాలు చేసి, ఎన్నికలప్పుడు పార్టీలను నిలదీసి తెచ్చుకున్నవి. మీ రిజిస్టరు ఇక్కడ కూడా పనికొస్తుంది. ‘మా మండలంలో గల్ఫ్‌లో చాలామంది కష్టపడుతున్నారు’ అంటే కలెక్టరు తలూపుతాడు. ‘ఈ ఏజెంటు పంపినవాళ్లలో ఇంతమందికి చెప్పిన ఉద్యోగం వేరు, ఇచ్చింది వేరు, ఇవిగో పాస్‌పోర్టు నంబర్లు, ఫోన్‌పే కాగితాలు’ అంటే ఎస్పీకి పంపక తప్పదు. ఒక్క కుటుంబం ఏజెంటు మీద కేసు పెడితే ఊరి పెద్దలు పంచాయితీ చేసి సగం డబ్బు ఇప్పించి మూసేస్తారు. అదే ఏజెంటు మీద ఐదు కుటుంబాలు ఒకేరోజు స్టేషన్‌కు వెళ్తే పంచాయితీకి వీలుండదు. లైసెన్సు లేకుండా మనుషులను పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. ఫిర్యాదులో ఆ చట్టం పేరు రాయమని అడగండి, లేకపోతే మామూలు చీటింగ్ కేసు రాసి ఊరుకుంటారు.

సొసైటీ రిజిస్ట్రేషన్ కావాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. రిజిస్ట్రేషన్ అనగానే అధ్యక్షుడెవరు, కోశాధికారి ఎవరు అని మొదటి నెలలోనే రెండు వర్గాలవుతాయి. ఒక ఏడాది పనిచేశాక చూసుకోండి. చందాల విషయంలో మాత్రం మొదటి రోజే ఒక మాట అనుకోండి. కమిటీ పేరుతో గానీ, కమిటీలో ఎవరి ఫోన్‌పేకు గానీ డబ్బు రాకూడదు. దుబాయ్‌లోనో దమ్మామ్‌లోనో ఉన్న మన ఊరివాళ్లు సాయం చేస్తామంటే ఆ ఇంటి ఆడమనిషి బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వండి, నేరుగా వేయమనండి. టికెట్ కొనాలంటే ట్రావెల్స్‌కే కట్టమనండి.

మీ బావ అకామా నంబరు, ఉన్న ఊరి పేరు దొరికాక ఇక్కడే రాయకుండా నాకు విడిగా పంపండి. ఫిర్యాదు ఇంగ్లిషు డ్రాఫ్టు నేను రాసిస్తాను.